నెక్స్ట్ జెనరేషన్ బ్లూ-రే సెట్ రివ్యూ: ఫేజర్ సరిచేశారు, డేటా మాట మాత్రం అలాగే వదిలేశారు

స్టార్ ట్రెక్ ద నెక్స్ట్ జెనరేషన్ బ్లూ-రే సెట్ మొత్తం చూసేశా. ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష ఓడ సిబ్బంది కథ, 7 సీజన్లు, 178 ఎపిసోడ్లు, రాత్రి పూట ఒకటీ రెండూ చొప్పున నెలల తరబడి. ఇదే షో ఇంతకుముందు డీవీడీల్లో రెండుసార్లు చూశా కాబట్టి కథ తెలీక కాదు, బొమ్మ ఎంత బాగుపడిందో చూద్దామని మొదలుపెట్టా. ఇంకోటి, నాకు మొదట్నుంచీ ఉన్న అలవాటు, ఎక్కడ ముందు చెప్పిన మాట తప్పారో ఎక్కడ సైన్స్ తప్పిందో నోట్‌బుక్‌లో రాసుకోవడం, ఆ నోట్‌బుక్ ఇప్పుడు రెండోది నడుస్తోంది. అందుకే ఈ రివ్యూలో పిక్చర్ క్వాలిటీ గురించి కొంచెమే ఉంటుంది, ఎక్కువ తప్పుల గురించే. ఎందుకంటే పాతికేళ్ళ తర్వాత తప్పులు దిద్దుకునే అవకాశం ఏ షోకీ అంత తేలిగ్గా రాదు, వీళ్ళకి వచ్చింది, కొన్ని దిద్దారు, కొన్ని వదిలేశారు, ఏవి దిద్దారు ఏవి వదిలేశారు అన్న దగ్గరే నాకు ఈ సెట్‌తో పేచీ.

ముందు వాళ్ళు చేసిన పని ఎంత పెద్దదో చెప్పాలి. షో వచ్చింది 1987 నుంచి 1994 దాకా. నటుల్ని తీసింది 35 ఎంఎం ఫిల్మ్ మీదే, కానీ ఎడిటింగ్, ఎఫెక్ట్స్ కలపడం అన్నీ వీడియో టేప్ మీద చేశారు, అప్పటి టీవీకి అది సరిపోయేది. దాంతో పూర్తయిన ఎపిసోడ్ అనేది టేప్ మీద తప్ప ఇంకెక్కడా లేదు, ఆ టేప్‌ని ఎంత సాగదీసినా మసకే. కాబట్టి అసలు నెగటివ్‌లు బయటికి తీసి, మళ్ళీ స్కాన్ చేసి, ఒక్కో ఎపిసోడ్‌ని పాత ఎడిటింగ్‌కి షాట్ షాట్ సరిపోయేలా మళ్ళీ కూర్చి, ఓడ మోడల్ షాట్లు, లైట్లు, కిరణాలు అన్నీ విడివిడి ఫిల్మ్ ముక్కల నుంచి మళ్ళీ కలిపారు. మొదటి సీజన్ 2012లో వచ్చింది, చివరిది 2014లో. నెగటివ్ దొరకని కొన్ని షాట్లు మాత్రం పాత టేప్ నుంచే తీసుకున్నారు, అవి వచ్చినప్పుడు తెలిసిపోతుంది, కొన్ని సెకన్లే కాబట్టి పెద్ద ఇబ్బంది లేదు. 2వ సీజన్ పని వేరే కంపెనీ చేసింది, అక్కడ రంగులూ ఎఫెక్ట్సూ మిగతా వాటంత తేటగా లేవనిపించింది నాకు. బొమ్మని వైడ్ స్క్రీన్‌కి సాగదీయకుండా పాత 4:3 సైజులోనే ఉంచడం చాలా మంచి పని, పక్కలకి జరిపితే సెట్ అంచులూ లైట్ స్టాండ్లూ కనపడిపోతాయి.

అయినా బొమ్మ తేటపడితే కొత్త తప్పులు బయటపడతాయి. బ్రిడ్జి, అంటే ఓడని నడిపే గదిలో, వెనకాల ఉన్న ప్యానెళ్ళ మీద లైటు పడి కెమెరాలోకి కొట్టకుండా అక్కడక్కడా నల్ల అట్టలు అంటించేవాళ్ళు, పాత టీవీలో అవి ఎవరికీ కనపడేవి కాదు, ఇప్పుడు చక్కగా కనిపిస్తాయి, ఒక షాట్‌లో ఉంటాయి, అదే ప్యానెల్ మీద తర్వాతి షాట్‌లో ఉండవు. దీన్ని నేను తప్పుగా రాసుకోలేదు. వాళ్ళు పని చేసింది అప్పటి టీవీ సెట్టు కోసం, ఆ సెట్టులో కనపడని దాన్ని ఇప్పుడు పట్టుకుని నిలదీయడం న్యాయం కాదు.

కనపడే తప్పు సంగతి వేరు. 5వ సీజన్‌లో డార్మాక్ అని ఎపిసోడ్ ఉంది, 1991 నాటిది, ఉపమానాలతో మాత్రమే మాట్లాడే జాతి కెప్టెన్‌తో ఎంటర్‌ప్రైజ్ కెప్టెన్ పికార్డ్ ఒక గ్రహం మీద చిక్కుకుపోయే కథ. అందులో ఎంటర్‌ప్రైజ్ ఫేజర్, అంటే కిరణాలు వదిలే ఆయుధం, పేలుస్తుంది. పాత వెర్షన్‌లో ఆ కిరణం టార్పెడోలు బయటికొచ్చే గొట్టం లోంచి వస్తుంది. ఫేజర్ రావాల్సింది ఓడ ముందున్న పళ్ళెంలాంటి భాగం చుట్టూ ఉండే పట్టీ నుంచి, ఈ షో చూసే పిల్లాడిని లేపి అడిగినా చెప్తాడు. కొత్త వెర్షన్‌లో దిద్దారని విని, పాత డీవీడీ ల్యాప్‌టాప్‌లో, బ్లూ-రే టీవీలో పెట్టి రెండూ ఒకేసారి నడిపా. మా తమ్ముడు పక్కనే కూర్చున్నాడు, "అక్కా ఆపు, ఆపు, కాస్త వెనక్కి తిప్పు" అని లేచి టీవీ దగ్గరికి వెళ్ళి వేలు పెట్టి చూపించాడు. ల్యాప్‌టాప్‌లో మెడ దగ్గర గొట్టం లోంచి, టీవీలో పళ్ళెం కింద పట్టీ నుంచి. నాలుగైదు సార్లు వేసుకుని చూశాం. ఎవరో ఒకరు ఆ షాట్ దగ్గర కూర్చుని, ఇది ఇక్కడ్నుంచి రాకూడదు కదా అని గుర్తుపట్టి, కిరణాన్ని సరైన చోటి నుంచి మళ్ళీ గీశారు, అలా పట్టించుకున్న మనిషి ఒకరు ఉన్నారని తెలిస్తే ఎంత సంతోషంగా ఉంటుందో నాకు మాటల్లో పెట్టడం కష్టం.

ఆ సంతోషం వల్లే డేటాలోర్ దగ్గర అంత బాధేసింది.

డేటాలోర్ మొదటి సీజన్‌లోది, 1988 జనవరిలో వచ్చింది. డేటా అనే ఆండ్రాయిడ్‌కి, అంటే మనిషి రూపంలో ఉన్న యంత్రానికి, అచ్చు అతనిలాగే ఉండే ఇంకో ఆండ్రాయిడ్, పేరు లోర్, ముక్కలు ముక్కలుగా దొరుకుతాడు, అతుకుతారు, లేస్తాడు, చెడ్డవాడు. ఇద్దరినీ ఆడింది బ్రెంట్ స్పైనరే. ముఖాలు ఒకటే కాబట్టి చూసేవాళ్ళకి తేడా తెలియాలి, అందుకని ఎపిసోడ్ మనకి ఒక గుర్తు పెడుతుంది, లోర్ ఇంగ్లీషుని మనుషుల్లా కుదించి మాట్లాడతాడు, డేటా కుదించలేడు. లోర్ "ఐమ్" అంటాడు, డేటా "ఐ యామ్" అని నిండుగా అంటాడు. మన భాషలో చెప్పాలంటే ఎప్పుడూ "నేను వచ్చితిని, నాకు తెలియదు" అని మాట్లాడే మనిషి ఉన్నట్టుండి "వచ్చా, తెలీదు" అంటే చెవికి టంగుమని తగులుతుంది కదా, అలాంటి గుర్తు. బొమ్మతో పనిలేదు, చెవితో పట్టుకునే గుర్తు, చాలా తెలివైన ఎత్తు. అంతకుముందు ఎపిసోడ్లలో డేటా అక్కడక్కడా కుదించి మాట్లాడిన మాటలున్నాయి, నా నోట్‌బుక్‌లో ఉన్నాయి, కానీ వాటిని నేను మన్నిస్తా, అప్పటికి ఆ రూల్ ఇంకా పుట్టలేదు.

కానీ ఈ ఎపిసోడ్ చివర ఏమవుతుందో చూడండి. లోర్ డేటా వేషం వేసుకుని అందర్నీ బోల్తా కొట్టిస్తాడు, ఓడ డాక్టర్ కొడుకు వెస్లీ ఒక్కడే అనుమానపడతాడు, నోరు మూసుకోమని పికార్డూ అంటాడు, కన్నతల్లీ అంటుంది, చివరికి పెనుగులాటలో లోర్‌ని ట్రాన్స్‌పోర్టర్‌లో, అంటే మనుషుల్ని ఒక చోట మాయం చేసి ఇంకో చోట తేల్చే యంత్రంలో, అంతరిక్షంలోకి పంపేస్తారు. పికార్డ్ పరుగున వచ్చి బాగానే ఉన్నావా అని అడుగుతాడు. మిగిలినవాడు డేటానా లోరా అని మనం ఊపిరి బిగబట్టుకుని వినే క్షణం అది. ఆ క్షణంలో డేటా నోట్లోంచి వచ్చే మాట, "ఎస్ సర్. ఐమ్ ఫైన్." ఐమ్! అన్నంలో రాయి పంటి కింద పడినట్టు ఉంటుంది. నలభై నిమిషాలు మనకి ఏ మాట వినమని నేర్పారో అదే మాట, అది రాకూడని చోట. మొదటిసారి చూసినప్పుడు నేను నిజంగానే లోరే మిగిలాడనుకుని తర్వాతి ఎపిసోడ్ కోసం ఎదురుచూశా. తర్వాతి ఎపిసోడ్‌లో ఆ ఊసే లేదు.

ఇదే ఎపిసోడ్‌లో క్రిస్టలైన్ ఎంటిటీ అని స్ఫటికంలాంటి పెద్ద జీవి ఉంటుంది, గ్రహాల మీద ప్రాణాన్ని ఊడ్చుకుపోయేది. బ్లూ-రే కోసం దాన్ని కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో మొత్తం కొత్తగా కట్టారు, చూడ్డానికి అద్భుతంగా ఉంది, ముక్కముక్కలోనూ లైటు మెరుస్తుంది. అంటే ఈ ఎపిసోడ్ దగ్గర వాళ్ళు చాలా కాలం కూర్చున్నారు. డైలాగులు ముట్టుకోకూడదు, పాతది పాతగానే ఉండాలి అన్నది వాళ్ళ నియమం అయ్యుండొచ్చు, ఆ నియమాన్ని నేను గౌరవిస్తా, కానీ ఫేజర్ చోటు మార్చి ఎంటిటీని కొత్తగా కట్టాక ఆ నియమం ఎంత గట్టిదని చెప్పగలం? మళ్ళీ డబ్బింగ్ కూడా అక్కర్లేదు, "ఎస్ సర్" దగ్గర మాట ఆపి పికార్డ్ ముఖం మీదికి షాట్ కట్ చేస్తే చాలు, రెండు పదాలు పోతాయి, కథ బతుకుతుంది. పాత ఆడియో కూడా ఆప్షన్‌గా ఉంచితే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

నేనెందుకు ఇంత పట్టుబడుతున్నానంటే ఆ గుర్తు మీద షో తర్వాత కూడా బరువు పెట్టింది. 1990లో ది ఆఫ్‌స్ప్రింగ్‌లో డేటా తయారుచేసుకున్న కూతురు లాల్ ఒక మాట కుదించి పలుకుతుంది, డేటా ఆగి అది తనకి ఎప్పటికీ రాని విద్య అంటాడు, ఆ ఒక్క మాటతో బిడ్డ తండ్రిని దాటిపోయిందని మనకి అర్థమవుతుంది, నాకు అక్కడ ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది. అదే ఏడాది ఫ్యూచర్ ఇంపర్ఫెక్ట్‌లో పికార్డ్ తర్వాతి అధికారి రైకర్ ఒక మాయలోకంలో చిక్కుకుంటాడు, చుట్టూ ఉన్నది అబద్ధం అని తేల్చే ఆధారాల్లో ఒకటి, అక్కడి డేటా "కెనాట్" అనాల్సిన చోట "కాంట్" అనడం. రైకర్ దాన్ని అక్కడికక్కడే పట్టుకుంటాడు. రెండూ గొప్ప సన్నివేశాలు, రెండూ డేటాలోర్ వేసిన పునాది మీదే నిలబడ్డాయి, ఆ పునాదిలోనే పగులుంది.

ఈ మూడోసారి చూడ్డంలో నాకు స్పష్టమైంది ఇదే. తప్పు సైజుతో నాకు పని లేదు, కథ దాని మీద ఎంత బరువు పెట్టిందో అంతే అది నొప్పి పెడుతుంది. ఫిజిక్స్ ప్రకారం కొండంత తప్పు కూడా కథలో ఓ మూలన పడుంటే నవ్వి ఊరుకుంటా, గోరంత మాట తప్పు కథ నడుమున పడితే ఆ రాత్రి నిద్ర పట్టదు.

2వ సీజన్‌లో ది రాయల్, 1989 మార్చి నాటిది, ఇందుకు మంచి ఉదాహరణ, ఒకే ఎపిసోడ్‌లో రెండు రకాల తప్పులున్నాయి. ఒక గ్రహం మీద టెంపరేచర్ మైనస్ 291 డిగ్రీల సెల్సియస్ అని చాలా మామూలుగా చెప్పేస్తారు. ఈ విశ్వంలో మైనస్ 273.15 కంటే చల్లగా ఏదీ ఉండదు, ఉండటానికి వీల్లేదు, అక్కడ అణువుల కదలిక ఎంత తగ్గగలదో అంతా తగ్గిపోయి ఉంటుంది, దాని కిందికి మెట్లే లేవు. ఇది 1989లో స్కూల్ పుస్తకంలో ఉన్న సంగతి, ఎవరైనా ఒక్కసారి చూసుకుంటే దొరికేది. 291ని 191 అంటే అయిపోయేది. కానీ కథకి ఆ అంకెతో పనే లేదు, అక్కడ మనిషి బతకలేడు అన్నంత వరకే అవసరం, కాబట్టి అది అజాగ్రత్తే కానీ కథకి దెబ్బ కాదు.

రెండోది ఇంకా అందమైనది. అదే ఎపిసోడ్‌లో పికార్డ్ ఫెర్మా చివరి సిద్ధాంతం మీద కుస్తీ పడుతుంటాడు. రెండు ఘనాలు కలిపితే ఇంకో ఘనం రాదు, నాలుగో ఘాతమైనా అంతే, రెండు దాటిన ఏ ఘాతానికైనా పూర్ణసంఖ్యల్లో కుదరదు అని ఫెర్మా 1637 ప్రాంతంలో పుస్తకం మార్జిన్‌లో రాసి, రుజువు రాయడానికి ఇక్కడ చోటు చాలదు అన్నాడు. 800 ఏళ్ళుగా ఎవరికీ లొంగలేదు అంటాడు పికార్డ్ (కథ జరిగేది 2365లో కాబట్టి లెక్కకి 728 ఏళ్ళే, పికార్డ్ పెద్ద అంకెకి సర్దేశాడనుకుందాం). పాపం రాసినవాళ్ళ తప్పేం లేదు, 1989లో అది నిజంగానే లొంగలేదు. నాలుగేళ్ళు దాటాయో లేదో 1993లో ఆండ్రూ వైల్స్ రుజువు దొరికిందని ప్రకటించాడు, అందులో లోపం బయటపడింది, 1994లో సరిచేశాడు, 1995లో అచ్చయింది. 24వ శతాబ్దపు కెప్టెన్‌కి 20వ శతాబ్దపు సంగతి తెలీకుండా పోయింది. అయితే అదే 1995లో ఇంకో స్టార్ ట్రెక్ షో డీప్ స్పేస్ నైన్‌లో ఫాసెట్స్ అనే ఎపిసోడ్‌లో, వైల్స్ తర్వాత ఈ లెక్కని ఇంత కొత్త దారిలో ఎవరూ పట్టుకోలేదు అని ఒక పాత్ర గురించి ఓ చిన్న మాట పెట్టేశారు. పికార్డ్ వెతుకుతున్నది ఇంకో రకం రుజువేమో అనుకునే వీలిచ్చారు. రుజువు అచ్చయిన ఏడాదిలోనే, వేరే షోలో, ఎవరూ అడక్కుండానే దిద్దుకున్నారు. ఇలాంటిది చూసినప్పుడే నాకు ఈ సిరీస్ రాసినవాళ్ళ మీద ప్రేమ పుడుతుంది.

దూరాల లెక్కలు మాత్రం ఎవరూ చూసుకున్నట్టు లేదు. మొదటి సీజన్‌లో వేర్ నో వన్ హాజ్ గాన్ బిఫోర్‌లో ఎంటర్‌ప్రైజ్ పొరపాటున 27 లక్షల కాంతి సంవత్సరాల దూరం, ఎం 33 గెలాక్సీ అవతలికి, వెళ్ళిపోతుంది. ఎం 33 నిజంగానే దాదాపు అంత దూరంలో ఉంది, అది బాగా చూసి రాశారు. ఫుల్ స్పీడ్‌లో తిరిగి రావడానికి 300 ఏళ్ళు పైనే పడుతుందంటారు. అంటే ఏడాదికి సుమారు 9,000 కాంతి సంవత్సరాలు. తర్వాత 1995లో వాయేజర్ అని మరో స్టార్ ట్రెక్ షో మొదలైంది, అందులో వాయేజర్ ఇంకా కొత్త ఓడ, ఇంకా వేగం గలది, 70,000 కాంతి సంవత్సరాల దూరంలో తప్పిపోతే ఇంటికి రావడానికి 75 ఏళ్ళు అన్నారు. ఏడాదికి 933. వాయేజర్ స్పీడ్‌తో ఎంటర్‌ప్రైజ్ ఎం 33 నుంచి వచ్చుంటే 2,900 ఏళ్ళు పట్టేది, ఎంటర్‌ప్రైజ్ స్పీడ్‌తో వాయేజర్ వచ్చుంటే 8 ఏళ్ళలోపే ఇల్లు చేరేది. వాయేజర్ కథంతా ఆ 75 ఏళ్ళ మీదే నిలబడింది కాబట్టి ఇది చిన్న తప్పు కాదు, కానీ ఆ బరువు మోసేది వాయేజర్, ఈ సెట్ కాదు, అందుకని ఇక్కడ ఎక్కువ మార్కులు తీయట్లేదు.

డేటా పిల్లి స్పాట్ గురించి కూడా చెప్పాలి. మొదట కనిపించినప్పుడు సోమాలి జాతి పిల్లి, తర్వాత పొట్టి వెంట్రుకల నారింజ రంగు పిల్లి. ముందు మగ, చివరి సీజన్‌కి వచ్చేసరికి పిల్లల్ని కంటుంది. సిబ్బందిలో ఓబ్రయన్ కాలర్ మీద లెఫ్టినెంట్ చుక్కలుంటాయి, ఆయన మాత్రం చీఫ్, అంటే ఆఫీసర్ కాని హోదా. కడుపులో ఇంకో జీవిని మోసే ట్రిల్ జాతి వాళ్ళు 1991లో ది హోస్ట్‌లో నుదుటి మీద ఉబ్బెత్తు గీతలతో ఉంటారు, ట్రాన్స్‌పోర్టర్ వాడితే లోపలి జీవికి ప్రమాదం అంటారు, 1993లో డీప్ స్పేస్ నైన్ మొదలయ్యేసరికి గీతలు పోయి మచ్చలొచ్చాయి, ట్రాన్స్‌పోర్టర్‌లో హాయిగా తిరుగుతున్నారు. ఆ మేకప్ అందులో ట్రిల్ పాత్ర వేసిన టెర్రీ ఫారెల్ ముఖానికి నప్పలేదని మార్చారు. నాకు ఇవేవీ పెద్దగా అడ్డుపడలేదు, ట్రాన్స్‌పోర్టర్ సంగతి తప్ప, ఎందుకంటే ది హోస్ట్‌లో కథ మలుపు తిరిగేదే దాని మీద, షటిల్‌లోనే వెళ్తానని ఆ ట్రిల్ రాయబారి మొండికేయడం వల్లే కదా దెబ్బ తినేది.

రెలిక్స్ గురించి వేరుగా చెప్పాలి, నాకు చాలా ఇష్టమైన ఎపిసోడ్, 1992లోది. పాత షోలోని ఇంజనీర్ స్కాటీ 75 ఏళ్ళు ట్రాన్స్‌పోర్టర్‌లో ఇరుక్కుని బయటికొస్తాడు, కాపాడింది ఎంటర్‌ప్రైజ్ అని వినగానే తన పాత కెప్టెన్ కిర్కే తనకోసం వచ్చుంటాడని మురిసిపోతాడు. ఆ మురిపెం చూస్తే ఎవరికైనా మనసు కరుగుతుంది. అయితే 1994లో వచ్చిన స్టార్ ట్రెక్ జెనరేషన్స్ సినిమాలో, స్కాటీ అలా ఇరుక్కోకముందే, కిర్క్ పోయాడనుకున్నప్పుడు స్కాటీ అక్కడే ఉంటాడు, కళ్ళారా చూస్తాడు. మరి కిర్క్ వస్తాడని ఎలా అనుకున్నాడు? రెలిక్స్ రాసింది రోనల్డ్ డి మూర్, ఆ సినిమా స్క్రిప్ట్ రాసిన ఇద్దరిలో ఆయన ఒకడు, అంటే మర్చిపోయి కాదు. సినిమాలో ఆ చోటు మొదట పాత షోలోని స్పాక్, మెకాయ్‌ల కోసం అనుకున్నది, వాళ్ళ నటులు ఒప్పుకోకపోవడంతో ఆ డైలాగులు స్కాటీకీ చెకోవ్‌కీ వెళ్ళాయి. కారణం తెలిశాక నాకు కోపం పోయింది, కానీ రెలిక్స్ చూస్తున్నప్పుడు ఆ మురిపెం మీద ఒక నీడ పడుతుంది, అది పోలేదు. ముందు తీసిన మంచి ఎపిసోడ్ తప్పేం లేకుండానే తర్వాతి దాని వల్ల దెబ్బ తింది.

ఇప్పుడు సైన్స్ తప్పుల్లో పెద్దవి రెండు పక్కపక్కన పెడతా. ది నెక్స్ట్ ఫేజ్, 1992, ఓడ సిబ్బందిలో జోర్డీ, రో ఇద్దరూ గోడల్లోంచి దూరిపోయే స్థితిలోకి వెళ్తారు, ఎవరికీ కనపడరు, వినపడరు. గోడలోంచి దూరేవాళ్ళు నేలలోంచి ఎందుకు జారిపోరు? గాలి ఎలా పీలుస్తున్నారు? ఓడ కదిలితే వీళ్ళని ఏది మోస్తోంది? దేనికీ జవాబు లేదు. అయినా ఎన్నిసార్లయినా చూస్తా, ఎందుకంటే కథలో ఎవరి గెలుపూ ఓటమీ ఆ నేల మీద ఆధారపడి లేదు. మేం చచ్చిపోయామా అని రో పడే బాధ, వాళ్ళ సంతాప సభకి వాళ్ళే వెళ్ళడం, కథంతా అక్కడుంది. స్టేజీ నాటకంలో తెర మీద గీసిన చెట్టుని చెట్టే అనుకున్నట్టు ఆ నేలని ఒప్పేసుకుంటాం.

జెనెసిస్, 1994, దీనికి పూర్తిగా తిరగబడ్డ కేసు. ఒక మందు వికటించి ఓడలో అందరూ పరిణామంలో వెనక్కి వెళ్ళిపోతారు, రైకర్ ఆదిమానవుడు, ట్రాయ్ నీళ్ళలో ఉండే జీవి, బార్క్లే సాలీడు. మనిషి పూర్వీకుల్లో సాలీడు ఎప్పుడూ లేదు. మన దారీ సాలీళ్ళ దారీ విడిపోయి 50 కోట్ల ఏళ్ళు దాటింది, విడిపోయినప్పటి జీవి సాలీడూ కాదు మనిషీ కాదు. మన డీఎన్ఏలో సాలీడు ఎక్కడా పడుకుని లేదు లేవడానికి. స్పాట్ ఏమో ఇగువానా అయిపోతుంది, పిల్లి ఇగువానా నుంచి రాలేదు, రెండూ ఒక పాత తాత నుంచి వేరే కొమ్మలుగా వచ్చాయి. ఇది కథలో ఓ మూల కాదు, కథ మొత్తం ఇదే, భయపెట్టేది ఇదే, చివర్లో విరుగుడు కనిపెట్టేది కూడా ఈ లెక్క మీదే. మేకప్ వాళ్ళు ప్రాణం పెట్టి చేశారు, బ్లూ-రేలో ఆ పని ఇంకా బాగా కనిపిస్తుంది, గేట్స్ మెక్‌ఫాడెన్ డైరెక్షన్‌లో చీకటి కారిడార్లు బాగా భయపెడతాయి, కానీ బయాలజీ చదువుకునే పిల్లలు పక్కనుంటే ఈ ఎపిసోడ్ అయ్యాక కూర్చోబెట్టి పరిణామం అంటే నిచ్చెన కాదు చెట్టు అని చెప్పాల్సొస్తుంది, నేను మా తమ్ముడికి చెప్పా.

ఇలాంటివి ఎందుకు జరుగుతాయో తెలిస్తే కోపం తగ్గుతుంది. మామూలుగా సీజన్‌కి 26 ఎపిసోడ్లు, ఒక్కోటి తీయడానికి దాదాపు వారం రోజులు, ఒకటి షూటింగ్‌లో ఉంటే ఇంకోటి రాస్తూ ఇంకోటి ఎడిటింగ్‌లో. రైటర్లు స్క్రిప్ట్‌లో సైన్స్ మాట రావాల్సిన చోట "టెక్" అని రాసి వదిలేసేవాళ్ళు, తర్వాత సైన్స్ తెలిసినవాళ్ళు అక్కడ మాటలు నింపేవాళ్ళు. అలా నింపిన వాళ్ళలో నరేన్ శంకర్ ఒకడు, అప్లైడ్ ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ, తర్వాతెప్పుడో ది ఎక్స్‌పాన్స్ నడిపింది ఆయనే, ఆ షోలో ఓడలు సగం దారి వేగం పెంచుకుని, తిరిగి, మిగతా సగం బ్రేక్ వేసుకుంటూ రావడం చూసినవాళ్ళకి ఆయన ఎంత శ్రద్ధ గల మనిషో తెలుస్తుంది. కానీ కథ మొత్తం అయ్యాక ఖాళీల్లో నింపితే ఖాళీలే సరవుతాయి, కథ అసలు ఎత్తుగడలోనే సాలీడు ఉంటే ఎవరేం చేస్తారు. శ్రద్ధ లేక కాదు, శ్రద్ధకి చోటు ఎక్కడ ఇచ్చారన్నది తేడా.

సెట్ విషయానికొస్తే సౌండ్ 7.1, ఇంజన్ గుర్రుమనే శబ్దం గది నలుమూలలా తిరుగుతుంది. ఎక్స్‌ట్రాల్లో నాకు బాగా నచ్చింది 2వ సీజన్‌లో ది మెజర్ ఆఫ్ ఎ మ్యాన్ పొడవు వెర్షన్, డేటా మనిషా వస్తువా అని కోర్టులో తేల్చే కథ, టీవీ కోసం కోసేసిన సీన్లు తిరిగి కలిపారు, దానికోసమే ఆ సీజన్ కొన్నా తప్పులేదు. పాత డీవీడీలు ఉన్నవాళ్ళు పారేయొద్దు, పోల్చుకోవడానికి పనికొస్తాయి. షో కొత్తగా చూసేవాళ్ళు 3వ సీజన్ నుంచి మొదలుపెట్టి, అలవాటయ్యాక మొదటి రెండింటికీ వెనక్కి రావడం మంచిది, ఒక్క డేటాలోర్ మాత్రం ది ఆఫ్‌స్ప్రింగ్ కంటే ముందు చూడండి, లేకపోతే లాల్ మాట విలువ తెలీదు.

నా మార్కులు 10కి 8. అర మార్కు 2వ సీజన్ రంగులకి తీశా. మిగతా ఒకటిన్నరా "ఐమ్ ఫైన్"కే.